గుంటూరు మిర్చి కంటైనర్ రేవు దాకా వెళ్లి కూడా ఓడను ఎందుకు అందుకోలేకపోతోంది?

మీరు అడిగినది ఇది: గుంటూరు నుంచి ఎండుమిర్చి ఎగుమతి మొదలుపెట్టి ఏడాది దాటింది, ఈ మార్చిలో పంపిన కంటైనర్లలో రెండు రేవు శివార్ల దాకా వెళ్లి కూడా ఓడను అందుకోలేకపోయాయి, హాల్టింగ్ చార్జీలు మీరే కట్టుకున్నారు. రేవుల్లో క్రేన్లు పెంచకుండా ఈ పరిస్థితి మారుతుందా, మచిలీపట్నం రేవు పూర్తయితే మన ప్రాంతపు బాధ తీరుతుందా అన్నవి మీ రెండు ప్రశ్నలు. నేను మొదట ఒక కంటైనర్ టెర్మినల్‌లో యార్డు (కంటైనర్లను పేర్చి నిలవ ఉంచే ఆవరణ) ప్రణాళిక చూసేవాడిని. తరువాత గుంటూరులో ఎగుమతిదారుల తరఫున కస్టమ్స్ కాగితాలు చూసే బ్రోకర్‌గా స్థిరపడ్డాను. గేటుకు లోపలా బయటా రెండు వైపులా పనిచేసిన అనుభవంతో ఈ సమాధానం రాస్తున్నాను.

క్రేన్లు అవసరమే గాని, మీ కంటైనర్లు ఓడ తప్పడానికి వాటి కొరత కారణమై ఉండే అవకాశం చాలా తక్కువ. కంటైనర్ తన ప్రయాణంలో ఎక్కువ కాలం కదులుతూ గడపదు, ఆగి ఉంటుంది. ముందు సరుకు ఖాళీ పెట్టె (కంటైనర్‌కు మా వాడుక మాట) కోసం, తరువాత నిండిన పెట్టె కాగితం కోసం, గేటు కోసం, పైనున్న మరో పెట్టెను తీయడం కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. ఈ నిరీక్షణల్లో అధికభాగం ఒకరికి తెలిసిన సంగతి మరొకరికి వేళకు చేరకపోవడం వల్లనే పుడుతుంది. అందువల్ల పనితీరు మెరుగుపరచడం అంటే ముందుగా లారీ ఎక్కడ ఎన్ని గంటలు ఆగుతోందో కొలవడం, ఆ పైన ఆ ఆగడానికి కారణమైన సమాచార లోపాన్ని సరిచేయడం అని నేను నమ్ముతాను.

ఒక ప్రయాణపు లెక్క చూడండి. గుంటూరు నుంచి చెన్నైకి 16వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 400 కిలోమీటర్లు. బరువుతో ఉన్న ట్రైలర్ గంటకు సగటున 40 కిలోమీటర్లు నడిచినా పది గంటల్లో చేరుతుంది. రానూపోనూ ఇరవై గంటలు, లోడింగుకు మరో అయిదారు గంటలు అనుకుందాం. అయినా చాలా బళ్లకు ఒక తిరుగుడు పూర్తి కావడానికి నాలుగు రోజులు పడుతుంది. తొంభై ఆరు గంటల్లో చక్రం తిరిగేది ఇరవై గంటలే. రోడ్డు వెడల్పు చేసి వేగం పది శాతం పెంచితే మిగిలేది రెండు గంటల లోపే. అదే నిరీక్షణను ఒక్క రోజు తగ్గిస్తే నెలకు ఏడు ట్రిప్పులు తిరిగే బండి పది ట్రిప్పులు తిరుగుతుంది. కొత్త లారీ కొనకుండా, కొత్త రోడ్డు వేయకుండా మన ప్రాంతపు రవాణా సామర్థ్యం దాదాపు మూడో వంతు పెరిగినట్టే. నెలవారీ వాయిదా కట్టుకునే లారీ యజమానికి ఆ మూడు ట్రిప్పులు ఎంత ముఖ్యమో విజయవాడ ఆటోనగర్‌లో ఎవరిని అడిగినా చెబుతారు.

కొన్నేళ్ల కిందటి ఏప్రిల్‌లో మా ఖాతాదారు ఒకరి తేజ రకం మిర్చి కంటైనర్‌కు గుంటూరు శివారు గోదాములో సాయంత్రం ఆరు గంటలకు సీలు పడింది. తెల్లవారుజామున అయిదింటికల్లా బండి రేవు శివారుకు చేరింది, గేటు దాటింది మాత్రం ఆ రాత్రి పదకొండు గంటలకు. నాలుగు వందల కిలోమీటర్లను రాత్రికి రాత్రే దాటిన బండికి చివరి ఆరేడు కిలోమీటర్లు పద్దెనిమిది గంటలు పట్టాయి. ఎందుకని ఆరా తీస్తే రెండు కారణాలు తేలాయి. మొదటిది, ఆ ఓడకు గేటు కటాఫ్ (ఆ ఓడ పెట్టెలను లోనికి తీసుకునే ఆఖరి గడువు) ఆ అర్ధరాత్రే కావడంతో దాని సరుకంతా ఒకేసారి గేటు మీద పడింది. రెండోది, లోనికి పంపే ఫారంలో సీలు నంబరులో ఒక అంకె తప్పు పడింది. కంటైనర్ నంబరులో తప్పు పడితే కంప్యూటర్ వెంటనే పట్టేస్తుంది, ఎందుకంటే నాలుగు అక్షరాలు, ఆరు అంకెల తరువాత వచ్చే చివరి అంకె ముందున్న వాటిని సరిచూడటానికే పెట్టినది. సీలు నంబరుకు అటువంటి రక్షణ లేదు. దాన్ని మనిషే రెండుసార్లు చదివి చూసుకోవాలి. ఆ రోజు నుంచి మా దగ్గర సీలు ఫోటో లేకుండా ఫారం నింపడం మానేశాం.

ఇక గేటు లోపల జరిగే పని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎగుమతిదారులకు కనిపించని భాగం ఇదే. యార్డులో ఎన్ని పెట్టెలు నిలవ ఉంటాయన్నది రోజుకు ఎన్ని వస్తున్నాయి, ఒక్కొక్కటి ఎన్ని రోజులు ఉంటోంది అన్న రెండింటి గుణకారం. రోజుకు వెయ్యి పెట్టెలు వచ్చి సగటున అయిదు రోజులు ఉంటే అయిదు వేల చోట్లు కావాలి. అదే నాలుగు రోజులే ఉంటే నాలుగు వేలు చాలు. ఒక రోజు నిలవ తగ్గించడమంటే కాంక్రీటు పోయకుండా వెయ్యి పెట్టెల యార్డు కట్టినట్టు. అందుకే యార్డు ప్రణాళిక చూసేవారు క్రేన్ల సంఖ్య కంటే నిలవ రోజుల సంఖ్యను ఎక్కువ పట్టించుకుంటారు.

చోటు తగ్గిన కొద్దీ పెట్టెలను ఎత్తుగా పేర్చక తప్పదు, ఎత్తు పెరిగిన కొద్దీ వృథా శ్రమ పెరుగుతుంది. ఏ పెట్టె ఎప్పుడు కావాలో తెలియనప్పుడు, నాలుగు పెట్టెల దొంతరలోంచి ఒకదాన్ని తీయాలంటే పైనున్న వాటిని సగటున ఒకటిన్నర సార్లు పక్కకు మార్చాలి, అయిదు పెట్టెల దొంతరలో అయితే రెండు సార్లు. ఈ మార్పిడి పనికి ఎవరూ డబ్బు కట్టరు, దాని వల్ల ఏ కంటైనరూ గమ్యానికి దగ్గర కాదు, యార్డు క్రేన్ కాలం మాత్రం కరిగిపోతుంది. ఆ కాసేపు కింద లారీ నిలబడి ఉంటుంది, లారీ వెనుక మరో లారీ నిలబడుతుంది, వరుస గేటు దాటి రోడ్డెక్కుతుంది.

మార్పిడి తగ్గించే మార్గం ముందే తెలుసుకోవడం. ఓడలో బరువైన పెట్టెలు అడుగున ఉండాలి కాబట్టి అవి ముందుగా ఎక్కాలి, ముందుగా ఎక్కాలంటే యార్డులో దొంతర పైభాగాన ఉండాలి. అలాగే ముందు దిగే రేవు పెట్టెలు, తరువాత దిగే రేవు పెట్టెలు వేర్వేరు వరుసల్లో ఉండాలి. ఇలా పేర్చాలంటే ప్రతి పెట్టె కచ్చితమైన బరువు, దిగే రేవు, ఎక్కే ఓడ, ఈ మూడూ పెట్టె గేటు దాటక ముందే ప్రణాళిక చూసే మనిషి చేతిలో ఉండాలి. 2016 జులై 1 నుంచి నింపిన కంటైనర్ నిర్ధారిత బరువును ఎగుమతిదారే ప్రకటించాలన్న అంతర్జాతీయ నియమం అమలులో ఉంది. ఓడ భద్రత కోసం వచ్చిన ఆ నియమం యార్డు పనితీరుకు కూడా ఎంతో మేలు చేసేదే. కాని మనలో చాలామంది ఆ బరువును కటాఫ్‌కు గంట ముందు, అదీ సుమారు అంకెగా పంపుతున్నాం. టిక్కీల (మిర్చి బస్తాల) సంఖ్యను సగటు బరువుతో హెచ్చించి రాసిన అంకె ఆధారంగా పేర్చిన దొంతరను, అసలు బరువు తెలిశాక మళ్లీ విడదీయవలసి వస్తుంది. ఓడ పక్కన క్రేన్ కంటైనర్ కోసం ఆగి ఉందంటే, దానికి ఎక్కడో దూరాన ఆలస్యంగా పంపిన ఒక తూనిక చీటీ కారణమై ఉండవచ్చు. మీరు గుంటూరులో కూర్చుని రేవు క్రేన్ వేగాన్ని పెంచగలిగే చోటు ఇది.

గేటు సంగతికి వద్దాం. ఒక గేటు వరుసలో ఒక్కో బండికి సగటున మూడు నిమిషాలు పడుతుందని, బళ్లు ఒక క్రమం లేకుండా వస్తాయని, ఒక్కో బండికి పట్టే కాలంలో కూడా హెచ్చుతగ్గులు ఉంటాయని అనుకుందాం. గేటు తన శక్తిలో ఎనభై శాతం వాడకంలో ఉన్నప్పుడు క్యూ లెక్కల ప్రకారం ఒక్కో బండి సగటు నిరీక్షణ పన్నెండు నిమిషాలు, తొంభై శాతమైతే ఇరవై ఏడు నిమిషాలు, తొంభై అయిదు శాతమైతే యాభై ఏడు నిమిషాలు. చివరి అయిదు శాతం రద్దీ నిరీక్షణను రెట్టింపు చేస్తుంది. ఇది బళ్లు రోజంతా పరచుకుని వచ్చినప్పటి మాట. కటాఫ్‌కు ముందు రెండు గంటల్లో రెండు వందల బళ్లు వచ్చి, గేటు గంటకు అరవై బళ్లనే పంపగలిగితే, ఆ రెండు గంటలు ముగిసేసరికి ఎనభై బళ్లు బయటే ఉంటాయి, చివరి బండి మరో గంటా ఇరవై నిమిషాలు ఆగాలి. అంతకు ముందు ఉదయమంతా అదే గేటు సగం ఖాళీగా ఉండి ఉంటుంది.

దీనికి ప్రపంచంలో పలు రేవులు వెతుక్కున్న పరిష్కారం లారీకి ముందస్తు సమయం కేటాయించడం. లాస్ ఏంజలెస్, లాంగ్ బీచ్ రేవుల్లో 2005లో పగటి వేళ వచ్చే సరుకు మీద ప్రత్యేక రుసుము పెట్టి బళ్లను రాత్రికి మళ్లించారు. అయితే రాత్రి గేటు తెరిచే సమయానికి ముందే బళ్లు వచ్చి బయట వరుస కట్టడం మొదలైంది, అంటే రద్దీ ఒక గంట నుంచి మరో గంటకు జరిగింది. 2018లో అక్కడ రుసుమును అన్ని వేళలకూ సమం చేసి, సమయ కేటాయింపు పద్ధతికి మారారు. సిడ్నీలోని పోర్ట్ బోటనీ పద్ధతి నాకు ఇంకా న్యాయంగా తోస్తుంది. అక్కడ లారీ తన సమయానికి రాకపోతే రవాణాదారు జరిమానా కట్టాలి, వచ్చిన లారీని నిర్ణీత గడువులో పంపలేకపోతే టెర్మినల్ రవాణాదారుకు కట్టాలి. మన దగ్గర ఆలస్యానికి మూల్యం ఎప్పుడూ లారీ యజమానే, ఆ పైన ఎగుమతిదారే చెల్లిస్తున్నారు. ఆలస్యం చేసిన పక్షానికి ఖర్చు తగలనంత కాలం ఆలస్యం తగ్గడానికి కారణం ఉండదు. మన ఎగుమతిదారుల సంఘాలు రేవులను క్రేన్లు అడగడం కంటే ఈ రెండు వైపుల బాధ్యతను అడగడం మంచిదని నా గట్టి అభిప్రాయం.

కాగితాల విషయంలో గత పదేళ్లలో వచ్చిన మార్పును మనం పూర్తిగా వాడుకోవడం లేదు. 2017 నుంచి అనుమతి పొందిన ఎగుమతిదారు తన గోదాములోనే కంటైనర్ నింపి, రేడియో తరంగాలతో చదవగలిగే ఎలక్ట్రానిక్ సీలు తానే వేసుకోవచ్చు. రేవులో ఆ సీలు చెక్కుచెదరకుండా ఉన్నట్టు తేలితే, ప్రత్యేక కారణం లేనప్పుడు పెట్టె తెరిచి చూడరు. గోదాముకు ఒకసారి అనుమతి తెచ్చుకుంటే, మధ్యలో ఫ్రైట్ స్టేషన్‌లో (రేవు బయట సరుకును కంటైనర్లలోకి ఎక్కించే, దించే ఆవరణలో) దింపకుండా నేరుగా టెర్మినల్‌లోకి పంపే వెసులుబాటుకు కూడా దారి సులువవుతుంది. అయినా చాలామంది చిన్న ఎగుమతిదారులు సరుకును మామూలు లారీలో రేవు దగ్గరి ఫ్రైట్ స్టేషన్‌కు పంపి అక్కడే కంటైనర్‌లోకి ఎక్కిస్తున్నారు. కిరాయి తక్కువ పడుతుందన్నది నిజమే. కాని హమాలీలు టిక్కీలను మరోసారి దించి ఎక్కించాలి, వానొస్తే తడుస్తాయి, మోసేటప్పుడు కాయ చితికి పొడి అవుతుంది, పైగా ఆ స్టేషన్‌లో మీ వంతు ఎప్పుడొస్తుందో మీ చేతిలో ఉండదు. తక్కువ కిరాయి పక్కన ఈ నష్టాలను కూడా రాసి కూడి చూడండి.

మిర్చికి ప్రత్యేకమైన ఆలస్యం మరొకటి ఉంది. స్పైసెస్ బోర్డు నమూనా పరీక్ష అవసరమైన దేశాలకు పంపేటప్పుడు ఆ నివేదిక, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం, పురుగును చంపే వాయువు పట్టించినట్టు చెప్పే ధూమీకరణ పత్రం ఒకదాని వెనుక ఒకటి వస్తాయి. స్పైసెస్ బోర్డు ప్రయోగశాల గుంటూరులోనే ఉండటం మన అదృష్టం. నివేదిక చేతికి రాకముందే ఓడ బుక్ చేసి, అది ఆలస్యమైతే నింపిన పెట్టెను రోడ్డు పక్కన నిలిపి ఉంచడం నేను ఎన్నోసార్లు చూశాను. ఏప్రిల్ ఎండలో మూసిన పెట్టెలో పగలు వేడెక్కిన తేమ రాత్రి చల్లబడి లోపలి కప్పు నుంచి చుక్కలుగా రాలుతుంది. పై వరుస టిక్కీల రంగు అక్కడే పోతుంది.

అన్నింటికంటే తక్కువ చర్చకు వచ్చేది ఖాళీ పెట్టెల కథ. మిర్చి బరువు తక్కువ, ఆక్రమించే చోటు ఎక్కువ, అందువల్ల మనకు కావలసినవి 40 అడుగుల ఎత్తు పెట్టెలు. ప్రకాశం జిల్లా చీమకుర్తి గ్రానైట్‌కు బరువు వల్ల 20 అడుగుల పెట్టెలు కావాలి. మన చుట్టూ దిగుమతులు ఎగుమతులంత లేవు, కాబట్టి మనకు కావలసిన పెట్టె మన ఊరికి సరుకుతో రాదు. చెన్నై నుంచి ఖాళీగా 400 కిలోమీటర్లు వచ్చి, నిండి 400 కిలోమీటర్లు వెళుతుంది. మీరు కట్టే కిరాయిలో దాదాపు సగం ఖాళీ ప్రయాణానిదే. దిగుమతి సరుకుతో హైదరాబాద్ చేరిన పెట్టెను అక్కడ ఖాళీ అయ్యాక రేవుకు తిప్పి పంపకుండా నేరుగా గుంటూరు తెచ్చి నింపితే, ఒక పూర్తి ఖాళీ ప్రయాణం తప్పుతుంది. దీనికి షిప్పింగ్ లైన్ (ఓడలు నడిపే సంస్థ) ఒప్పుకోవాలి, పెట్టె ఆహార సరుకుకు పనికొచ్చే స్థితిలో ఉండాలి, దిగుమతిదారుకూ ఎగుమతిదారుకూ మధ్య ఎవరో ఒకరు సమయం కుదర్చాలి. మన ప్రాంతంలో నాలుగైదు సంస్థలు కలిసి వారం ముందే తమ అవసరాన్ని లైన్‌కు రాసి ఇస్తే, మర్రిపాలెం వంటి లోతట్టు డిపోలో పెట్టెలు తెచ్చి ఉంచడానికి లైన్లకు కూడా కారణం దొరుకుతుంది. ఒక్కరే ఒక్క పెట్టెను రేపటికి అడిగితే ఎవరూ తెచ్చి ఉంచరు.

విశాఖపట్నమా, చెన్నైయా అన్నది మరో మాట. ప్రపంచ బ్యాంకు వెలువరించే కంటైనర్ రేవుల పనితీరు సూచికలో విశాఖపట్నం 2022లో 115వ స్థానంలో ఉండి, 2023లో 19వ స్థానానికి ఎదిగింది. తెలుగువారిగా మనం గర్వించదగిన విషయం అది. అయితే ఆ సూచిక కొలిచేది ఓడ రేవులో గడిపే కాలాన్ని. లారీ గేటు బయట గడిపే కాలం, పెట్టె యార్డులో గడిపే కాలం అందులోకి రావు. గుంటూరు నుంచి రెండు రేవుల దూరంలో పెద్ద తేడా లేదు. విశాఖ వైపు వెళ్లే బండి విజయవాడను దాటవలసి ఉండటం ఇబ్బందే, పశ్చిమ బైపాస్ ఆ ఇబ్బందిని తగ్గించేందుకే. మీరు చూసుకోవలసింది మీ గమ్యానికి వారానికి ఎన్ని ఓడలు ఉన్నాయన్నది. వారానికి ఒకే ఓడ ఉన్న రేవులో గంట ఆలస్యం వారం ఆలస్యంగా మారుతుంది, మూడు ఓడలున్న రేవులో అదే గంట రెండు మూడు రోజులతో పోతుంది.

రైలు గురించి క్లుప్తంగా చెబుతాను. ఒక కంటైనర్ రైలులో 45 వ్యాగన్ల మీద 20 అడుగుల లెక్కన 90 పెట్టెలు పడతాయి. అంత సరుకు ఒకే రోజు, ఒకే రేవుకు కూడితేనే అది లాభం. మిర్చి, పొగాకు, నూలు ఎగుమతిదారులు కలిస్తే సీజన్‌లో అది సాధ్యమే, విడివిడిగా అయితే రైలు నిండే దాకా ఆగడమే ఒక కొత్త ఆలస్యం అవుతుంది.

మచిలీపట్నం సంగతి. మొదటి దశలో ఓడలు ఆగే నాలుగు బెర్తులతో నిర్మాణం 2023 మేలో మొదలైంది. గుంటూరు, విజయవాడల నుంచి దూరం చెన్నైతో పోలిస్తే మూడో వంతు కూడా ఉండదు, ఖాళీ పెట్టె ప్రయాణం ఆ మేరకు తగ్గుతుంది. కాని బెర్తు ఉన్నంత మాత్రాన కంటైనర్ ఓడ రాదు, వారం వారం నికరమైన సరుకు కనిపిస్తేనే లైన్ తన ఓడను ఆ రేవుకు తిప్పుతుంది. కృష్ణపట్నంలో టెర్మినల్ ఉండి కూడా కంటైనర్ ఓడల రాక పలచబడటం మనం చూశాం. మచిలీపట్నానికి మొదట చిన్న అనుసంధాన ఓడలే వస్తాయని, అవి సరుకును పెద్ద రేవులకు చేర్చి అక్కడ పెద్ద ఓడ ఎక్కిస్తాయని నా అంచనా. అప్పుడు పెట్టె మరో యార్డులో మరికొన్ని రోజులు ఆగుతుంది, కాబట్టి నేను పైన చెప్పిన లెక్కలన్నీ అక్కడా వర్తిస్తాయి.

మీరు వచ్చే ట్రిప్పు నుంచే మొదలుపెట్టగలిగిన పని ఒకటి చెబుతాను. ప్రతి కంటైనర్‌కు ఏడు సమయాలు రాసి పెట్టండి: ఖాళీ పెట్టె డిపోలోంచి బయలుదేరినది, మీ గోదాముకు చేరినది, సీలు పడినది, బరువు ప్రకటన పంపినది, బండి రేవు వరుసలో చేరినది, గేటు దాటినది, ఓడ ఎక్కినది. డ్రైవరు ఫోన్‌లో తీసి పంపే ఫోటోల మీది సమయమే చాలు, అందుకు అతనికి బత్తా మీద కొంత కలిపి ఇవ్వండి. కంటైనర్లకు అతికించిన రేడియో చిప్పులను రేవు గేట్ల వద్ద, టోల్ గేట్ల వద్ద చదివే ప్రభుత్వ లాజిస్టిక్స్ డేటా సేవలో కూడా మీ కంటైనర్ నంబరు కొట్టి చూసుకోవచ్చు. ఇరవై ట్రిప్పులు రాశాక సగటు కంటే ముందు హెచ్చుతగ్గులను చూడండి. వరుసలో చేరిన సమయం నుంచి గేటు దాటే దాకా ఒకసారి రెండు గంటలు, మరోసారి ఇరవై గంటలు పడుతుంటే, ఆ ఇరవై గంటల ట్రిప్పులు వారంలో ఏ రోజున, కటాఫ్‌కు ఎంత ముందు చేరాయో గమనించండి. మా పుస్తకంలో అవి దాదాపు అన్నీ కటాఫ్‌కు ముందు రోజు మధ్యాహ్నం తరువాత చేరినవే, నెలాఖరు వారంలో మరీ ఎక్కువ. గుంటూరు చుట్టూ వందకు పైగా కోల్డ్ స్టోరేజీలు ఉన్నప్పుడు, మిర్చి నెలాఖరునే బయలుదేరాలన్న నిర్బంధం సరుకుది కాదు, మన బిల్లులది. మీ కొనుగోలుదారుతో మాట్లాడి రవాణా తేదీని నెల రెండో వారానికి జరపగలిగితే, బండిని కటాఫ్‌కు రెండు రోజుల ముందు గేటుకు చేర్చగలిగితే, ఆ రెండు కంటైనర్ల అనుభవం మళ్లీ ఎదురయ్యే అవకాశం బాగా తగ్గుతుంది. ఆ ఇరవై ట్రిప్పుల పట్టిక తయారయ్యాక ఇక్కడ పెట్టండి, ఎక్కడ గంటలు పోతున్నాయో కలిసి చూద్దాం.